ఎడ్విన్ ఫాక్స్: ఒక మామూలు ఓడ కథ

వెల్లింగ్టన్‌లో ఫెర్రీ ఎక్కితే అది కుక్ జలసంధి దాటి, క్వీన్ షార్లట్ సౌండ్ అనే సన్నటి సముద్రపు పాయలోకి తిరిగి, పచ్చటి కొండల మధ్య నుంచి మెల్లగా నడుచుకుంటూ మూడున్నర గంటల్లో పిక్టన్‌లో దింపుతుంది. న్యూజీలండ్ దక్షిణ ద్వీపానికి గుమ్మం లాంటి ఊరు. అందరూ అక్కడ దిగి కార్లలోనో బస్సుల్లోనో ముందుకి వెళ్ళిపోయేవాళ్ళే కానీ ఆగేవాళ్ళు తక్కువ. మేమూ ఆగేవాళ్ళం కాదు. బస్సుకి ఇంకా రెండు గంటలు టైముంది కాబట్టి, ఫెర్రీ స్టేషన్‌కి నాలుగు అడుగుల దూరంలో పాత ఓడ మ్యూజియం ఒకటుంటే అటు నడిచాను.

పాత ఓడ అనగానే నా బుర్రలో ఉన్నది సినిమాల్లో చూసినదే. మూడు కొయ్యలు, వాటి నిండా తెల్లటి తెరచాపలు, ముందు భాగంలో చెక్కిన బొమ్మ. ఇక్కడ అవేమీ లేవు. నీళ్ళు తోడేసిన డ్రై డాక్‌లో, పెద్ద రేకుల కప్పు కింద, నల్లటి కొయ్య డొప్ప ఒకటి పడుంది. కొయ్యల్లేవు, చాపల్లేవు, చాలా మేరకి పై డెక్కే లేదు. పక్కల్లో పెద్ద పెద్ద కంతలు. తిమింగలం ఒడ్డుకి కొట్టుకొచ్చి, మాంసమంతా పోయి, పక్కటెముకలు మిగిలితే ఎలా ఉంటుందో అలా ఉంది. టికెట్ డబ్బులు దండగేమో అనుకుంటూ గోడ మీది పలక చదివాను. ఓడ పేరు ఎడ్విన్ ఫాక్స్. కట్టిన సంవత్సరం 1853. కట్టిన చోటు: సాల్కియా, కలకత్తా.

బస్సు సంగతి ఆ తర్వాత నాకు గుర్తు లేదు. మా ఆవిడ వచ్చి పిలిచేదాకా ఆ డొప్పలోనే తిరిగాను.

సాల్కియా అంటే హౌరా స్టేషన్‌కి కాస్త ఉత్తరాన, హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న పేట. కలకత్తా రైలు దిగిన తెలుగువాళ్ళు లక్షల మంది దాని పక్క నుంచి నడిచి ఉంటారు. 19వ శతాబ్దిలో ఆ ఒడ్డు పొడుగునా ఓడలు కట్టే యార్డులు ఉండేవి. దొరలవి యార్డులు, పని బెంగాలీ వడ్రంగులది, టేకు ఎక్కువగా బర్మాది. 1826లో తెనాసరిం తీరం, 1852 యుద్ధంలో పెగూ ఇంగ్లీషువాళ్ళ చేతిలోకి వచ్చాక బర్మా టేకు దుంగలకి లోటు లేకుండా పోయింది. ఎడ్విన్ ఫాక్స్‌ని టేకుతోనూ సాల్ కలపతోనూ కట్టారు. సాల్ అంటే మన ఉత్తరాంధ్ర కొండల్లో గుగ్గిలం చెట్టు. ఇళ్ళల్లో నిప్పుల మీద వేసి పొగ పెట్టే గుగ్గిలం దాని జిగురే. ఆ జిగురుని నూనెతో కాచి ఓడల అడుగులకి పూయడం కూడా మన తీరాల్లో పాత పద్ధతి.

టేకు గురించి ఒక మాట చెప్పాలి. ఎందుకంటే ఈ కథలో ఎవరైనా కథానాయకుడు ఉంటే అది టేకే. ఇంగ్లండ్‌లో ఓడలు ఓక్ చెక్కతో కట్టేవాళ్ళు. ఓక్‌లో ఉన్న ఆమ్లం దానిలోకి దిగిన ఇనప మేకుల్ని తినేస్తుంది. తుప్పు పట్టిన మేకు చుట్టూ చెక్క కుళ్ళుతుంది. టేకులో ఉన్నది నూనె. అది మేకునీ కాపాడుతుంది, చెక్కనీ కాపాడుతుంది. మంచి టేకు ఓడ యాభై ఏళ్ళు తేలిగ్గా బతికేది, ఓక్ ఓడకి అందులో సగం బతికితే గొప్ప. ఈ సంగతి లండన్ ఓడలు కట్టేవాళ్ళకి బాగా తెలుసు కాబట్టే వాళ్ళు గొడవ చేశారు. 18వ శతాబ్ది చివర కలకత్తాలో, బొంబాయిలో కట్టిన ఓడలు సరుకుతో థేమ్స్ నదిలోకి రావడం మొదలయ్యాక తమ పొట్ట కొడుతున్నారని అర్జీల మీద అర్జీలు పెట్టారు. ఓడల సంగతి ఎలా ఉన్నా, వాటిని నడిపే లాస్కర్లని మాత్రం బ్రిటిష్ నావికులుగా లెక్కించకూడదని చట్టాలే వచ్చాయి. బ్రిటిష్ ఓడ అనిపించుకోవాలంటే నావికుల్లో ఎక్కువమంది బ్రిటిష్‌వాళ్ళు కావాలి కదా, కాబట్టి ఇది తెలివైన దెబ్బ. ఆ పాత నావికా చట్టాలు రద్దయింది 1849లో. నాలుగేళ్ళకి మన ఓడ నీళ్ళలోకి దిగింది. 1853 డిసెంబర్.

లాస్కర్లని అజమాయిషీ చేసేవాణ్ణి సరంగు అనేవాళ్ళు. పాపికొండలకి లాంచీలో వెళ్ళినవాళ్ళకి ఈ మాట తెలుసు, చక్రం తిప్పే మనిషి మనకి ఇప్పటికీ సరంగే. పారసీకం నుంచి వచ్చిన ఆ మాట సముద్రంలో ఓడలు పోయినా గోదావరిలో మిగిలింది.

పొడవు 157 అడుగులు, వెడల్పు 30 అడుగులకి కాస్త తక్కువ, 836 టన్నులు. ఆ కాలానికి ఇది పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. వేగంలో రికార్డులు కొట్టిన క్లిప్పర్ల జాతి కాదు. బొజ్జ పెద్దది, నడక నిదానం. ఎద్దుబండి లాంటిదన్నమాట. లండన్ చేరగానే దాన్ని వేలంలో 30,000 పౌన్లు పెట్టి డంకన్ డన్‌బార్ అనే షాహుకారు కొన్నాడు. లైమ్‌హౌస్‌లో బీరు, సారా వ్యాపారం చేసుకునే కుటుంబం నుంచి వచ్చి, అప్పటికి ఇంగ్లండ్‌లో అతి పెద్ద ఓడల యజమానుల్లో ఒకడైన మనిషి. మామూలు ఓడకి అంత ధర ఎందుకు పెట్టాడంటే క్రిమియా యుద్ధం మొదలైంది. సైనికుల్ని మోయడానికి ప్రభుత్వం ఓడల్ని టన్నుకింత అని నెలవారీ అద్దెకి తీసుకుంటోంది. ఎన్ని టన్నులుంటే అన్ని డబ్బులు. ఓడ ఎంత వేగంగా పోతుందన్నది ప్రశ్న కాదు. ఎడ్విన్ ఫాక్స్ మొదట మోసిన ముఖ్యమైన సరుకు అలా సైనికులు.

సరుకు అని ఊరికే అనలేదు. ఆ ఓడ జాతకం అంతా చదివితే నాకు కొట్టొచ్చినట్టు కనబడిన విషయం ఇదే. దాని కడుపులో ఉన్నది ఒకటే గది. అందులో బల్లలు బిగిస్తే మనుషులు, బల్లలు పీకేస్తే బస్తాలు. ఆ మనుషులు ఎవరన్నది ఓడకి సంబంధించిన విషయం కాదు, అద్దె కట్టేవాడికి సంబంధించిన విషయం.

1856లో అది ప్రయాణికులతో మెల్బోర్న్ వెళ్ళింది. అక్కణ్ణుంచి చైనా రేవుల మధ్య తిరిగింది. ఆ తర్వాత చైనా కూలీల్ని ఎక్కించుకుని క్యూబాకి వెళ్ళింది.

ఈ క్యూబా సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఓడల మ్యూజియాల్లో దీని గురించి సాధారణంగా ఒక వాక్యమే ఉంటుంది. క్యూబా అప్పుడు స్పెయిన్ కింద ఉంది. చెరకు తోటలు. ఆఫ్రికా బానిసల వ్యాపారం మీద ఇంగ్లీషువాళ్ళ నౌకాదళం కాపలా కాస్తోంది కాబట్టి బానిసల ధర పెరిగింది. తోటల యజమానులు చైనా వైపు చూశారు. 1847 నుంచి 1874 దాకా లక్షా ఇరవై వేలకి పైగా చైనా మగవాళ్ళని ఎనిమిదేళ్ళ ఒప్పందాల మీద హవానాలో దింపారు. ఒప్పందం అన్నమాటే గానీ ఆ కాగితాన్ని హవానాలో అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు. కాగితం ఎవరి చేతికి వెళ్తే మనిషి వాళ్ళ తోటకి వెళ్తాడు. పక్క గుడిసెలో బానిస ఉంటాడు, ఇద్దరికీ కొరడా ఒకటే. క్యూబాలో బానిసత్వం 1886 దాకా పోలేదు. దార్లో చచ్చిపోయేవాళ్ళు ఎంతమందంటే, ఎక్కిన ప్రతి పదిమందిలో ఒకరికి పైగా ఒడ్డు చూడలేదు. బ్రిటిష్ పార్లమెంటు 1855లో ఈ ఓడల మీద చట్టం చేసింది. ఇంత చోటు ఇవ్వాలి, ఇంత తిండి పెట్టాలి, ఇన్ని నీళ్ళు ఇవ్వాలి అని. మోయకూడదని మాత్రం అనలేదు. అనే పరిస్థితిలో కూడా లేదు, ఎందుకంటే అదే సమయంలో కలకత్తా నుంచి, మద్రాసు నుంచి మన కూలీల్ని మారిషస్‌కీ వెస్టిండీస్‌కీ తోలుతున్నది తమ ప్రభుత్వమే.

మద్రాసులో ఎక్కి 1860 నవంబర్ 16న డర్బన్‌లో దిగిన ట్రూరో ఓడలో 342 మంది ఉన్నారు. దక్షిణాఫ్రికాకి ఒప్పంద కూలీల మొదటి ఓడ. వాళ్ళల్లో తెలుగువాళ్ళు చాలామంది. ఆ జాబితాలు ఇవాళ చదవొచ్చు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. డర్బన్‌లో తెలుగు కుటుంబాలు తమ ముత్తాత ఊరు వెతుక్కోవడానికి ఇప్పటికీ ఆధారం ఆ జాబితాలే. ఎంత ఓపిగ్గా రాశారో అనిపిస్తుంది గానీ అది ఓపిక కాదు. పారిపోతే పట్టుకోవాలి కదా.

ఎడ్విన్ ఫాక్స్‌లో క్యూబాకి వెళ్ళిన బల్లలు ఆరాయో లేదో, 1858 ఆగస్టులో అది ప్లిమత్ రేవులో ఉంది. ఈసారి అద్దెకి తీసుకున్నది బ్రిటిష్ ప్రభుత్వం. సరుకు 280 మంది ఖైదీలు. చేరవలసిన చోటు పడమటి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్. ఆ వలసని 1829లో స్థాపించినప్పుడు ఇక్కడ ఖైదీలుండరు, అందరూ స్వేచ్ఛాజీవులే అని గొప్పగా చెప్పుకున్నారు. ఇరవై ఏళ్ళకి పని చేసేవాళ్ళు దొరకలేదు. సిడ్నీ వైపు ఖైదీలు మాకొద్దు మొర్రో అంటున్న రోజుల్లో వీళ్ళు మాకు పంపండి అని అడిగారు. 1850 నుంచి 1868 దాకా దాదాపు పదివేల మంది వచ్చారు. రోడ్లు వేశారు, వంతెనలు కట్టారు, చివరికి తమని పెట్టే జైలుని కూడా తామే రాళ్ళు కొట్టి కట్టుకున్నారు. ఎడ్విన్ ఫాక్స్ 86 రోజుల ప్రయాణం చేసి నవంబర్ 20న వాళ్ళని దింపింది.

మూడేళ్ళలోపు, అదే కడుపులో, స్వేచ్ఛగా వెళ్ళే ప్రయాణికులు, కాగితం మీద స్వేచ్ఛ ఉన్న కూలీలు, కాగితం మీద కూడా లేని ఖైదీలు. వీళ్ళల్లో ఎవరికి ఎంత చోటు ఇచ్చారు, ఎవరికి డాక్టర్ ఉన్నాడు, ఎవరు ఎక్కువ బతికారు అని చూస్తే చిత్రంగా ఉంటుంది. ఖైదీల ఓడలో మరణాలు చాలా తక్కువ. బతికుండగా దింపితేనే ఓడ డాక్టర్‌కి పూర్తి డబ్బు ముట్టే పద్ధతి ఖైదీల రవాణాలో ఎప్పుడో వచ్చింది. దొంగతనం చేసి శిక్ష పడినవాడికి ఉన్న ఆ కాస్త రక్షణ, ఏ నేరమూ చేయని చైనా కూలీకి లేదు.

ఆస్ట్రేలియాకి ఖైదీల్ని మోసిన ఓడల్లో ఇవాళ మిగిలింది ఎడ్విన్ ఫాక్స్ ఒక్కటే. ఇక్కడొక తమాషా ఉంది. సక్సెస్ అని ఇంకో టేకు ఓడ ఉండేది. 1840లో బర్మాలో కట్టారు. అది సముద్రం మీద ఆస్ట్రేలియాకి ఒక్క ఖైదీని కూడా తీసుకెళ్ళలేదు. మెల్బోర్న్‌లో బంగారం పడ్డ రోజుల్లో నావికులంతా గనులకి పారిపోతే, ఖాళీగా ఉన్న దాన్ని కొన్నాళ్ళు నీటిమీది జైలుగా వాడారు. తర్వాత ఎవరో తెలివైనవాళ్ళు దాన్ని కొని, మైనపు బొమ్మలు, సంకెళ్ళు పెట్టి, ఘోరమైన ఖైదీల ఓడ అని ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ దశాబ్దాల పాటు టికెట్ పెట్టి చూపించారు. జనం విరగబడి చూశారు. 1946లో అమెరికాలో ఈరీ సరస్సు దగ్గర అది తగలబడిపోయింది. అబద్ధపు ఖైదీల ఓడకి అంత వైభవం జరుగుతున్న రోజుల్లో నిజం ఓడ పిక్టన్‌లో బొగ్గు మోస్తోంది. ఆ కథకి వస్తాను.

డన్‌బార్ 1862లో పోయాడు, పది లక్షల పౌన్లకి పైగా ఆస్తి వదిలి. ఓడలన్నీ అమ్మేశారు. ఎడ్విన్ ఫాక్స్ వేరే చేతుల్లోకి వెళ్ళి కొన్నాళ్ళు ఇంగ్లండ్‌కీ మన దేశానికీ మధ్య తిరిగింది. 1867లో దాని వెనక కొయ్యకున్న అడ్డ చాపలు తీసేసి బార్క్ అనే రకంగా మార్చారు. ఇదేదో సాంకేతిక విషయం అనుకోకండి, అసలు విషయం జీతాలు. అడ్డ చాపలు తగ్గితే పైకెక్కి వాటిని చుట్టే మనుషులు తగ్గుతారు. రెండేళ్ళకి సూయజ్ కాలవ తెరిచారు. ఆవిరి ఓడలు అందులోంచి బొంబాయికి చకచకా వచ్చేస్తుంటే, ఎర్రసముద్రంలో గాలి సరిగా దొరకని చాపల ఓడలకి ఆ దారి పనికిరాలేదు. వాటికి మిగిలింది ఆవిరి ఓడ ఇంకా గిట్టుబాటు కాని మహా దూరాలు. అంటే ఆస్ట్రేలియా, న్యూజీలండ్.

న్యూజీలండ్‌లో అప్పుడు జూలియస్ వోగెల్ అనే మంత్రి లండన్‌లో భారీగా అప్పు తెచ్చి, ఆ డబ్బుతో రైళ్ళు వేసి, మనుషుల్ని తెప్పించే పథకం పెట్టాడు. ఓడ టికెట్ సర్కారు కొంటుంది, వచ్చి పని చేయండి. 1870లలో లక్షమంది దాకా అలా వచ్చారు. షా సావిల్ కంపెనీ ఎడ్విన్ ఫాక్స్‌ని అద్దెకి తీసుకుంది. మళ్ళీ బల్లలు బిగించారు. ఈ వలస ఓడల్లో ఏర్పాటు మన పాతకాలపు పెళ్ళి విడిదిలా ఉండేది. ముందు భాగంలో పెళ్ళికాని మగవాళ్ళు, మధ్యలో కుటుంబాలు, వెనక పెళ్ళికాని ఆడపిల్లలు, వాళ్ళకి కాపలాగా ఒక పెద్దావిడ. ఎడ్విన్ ఫాక్స్ నాలుగు ట్రిప్పులు వేసింది. 1873లో లిటిల్టన్‌కి, 1875లో వెల్లింగ్టన్‌కి, 1878లో నెల్సన్‌కి, 1880లో మళ్ళీ లిటిల్టన్‌కి. మొత్తం 751 మంది. మొదటి ట్రిప్పులో అయితే బిస్కే అఖాతం దాటకుండానే తుఫాను దెబ్బ తిని, ఇంకో ఓడ లాక్కుపోతే ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ చేరి, బాగుచేయించుకుని మళ్ళీ బయల్దేరింది. ఆ 751 మంది సంతానమే ఇవాళ ఆ ఓడని తమ ఓడ అనుకునేది.

ఆ వరసలో చివరి ట్రిప్పు నాటికే దాని రోజులు దగ్గరపడ్డాయి. ఇక్కడ కథ గొర్రెల వైపు తిరుగుతుంది. న్యూజీలండ్‌లో మనుషుల కన్నా గొర్రెలు ఎన్నో రెట్లు ఎక్కువ. ఉన్ని అమ్మేవాళ్ళు, మాంసం మాత్రం తినేవాళ్ళు లేక పారేసేవాళ్ళు, లేదా కొవ్వు కాచుకునేవాళ్ళు. 1882 ఫిబ్రవరిలో డనీడిన్ అనే చాపల ఓడలో మంచు యంత్రం పెట్టి దాదాపు ఐదువేల కళేబరాలు లండన్ పంపితే చెడిపోకుండా చేరాయి. దేశం తలరాత మారిపోయింది. కానీ ఒక చిక్కు. గడ్డకట్టించే కార్ఖానాలు ఒడ్డున ఇంకా అన్ని రేవుల్లోనూ లేవు. కట్టాలంటే టైము, డబ్బు. చవగ్గా దొరికేవి ముసలి ఓడలు. 1885లో ఎడ్విన్ ఫాక్స్‌లో యంత్రాలు బిగించి న్యూజీలండ్ పంపారు. తన చాపలతో తను చేసిన చివరి సముద్ర ప్రయాణం అదే. ఆ తర్వాత రేవు నుంచి రేవుకి ఇంకో ఓడ లాక్కుపోవాల్సిందే. మనుషులు పడుకున్న చోట గొర్రెలు వేలాడాయి.

1897 జనవరి 12న అలా లాక్కొచ్చి పిక్టన్‌లో కట్టేశారు. కొన్నాళ్ళకి ఒడ్డునే గడ్డకట్టించే కార్ఖానా వచ్చింది. ఆ యంత్రాలకి బొగ్గు కావాలి, బొగ్గు పెట్టుకోవడానికి చోటు కావాలి. యంత్రాలు పీకేసి, లోపలి డెక్కులు తీసేసి, పక్కల్లో తలుపుల్లా కంతలు కోసి, బొగ్గు గోదాం చేశారు. నేను మొదట చూసిన ఆ కంతలు అవే. టేకు పలకని అంత మందాన రంపంతో కోయడానికి ఎంత సేపు పట్టిందో! 1950 దాకా అలా బొగ్గు కింద ఉంది. ఆ తర్వాత అదీ అక్కర్లేదు. పిక్టన్ జనం కావల్సిన చెక్క ముక్క కోసుకుపోయేవాళ్ళు.

1965లో ఊరివాళ్ళు కొందరు సొసైటీగా ఏర్పడి దాన్ని కొన్నారు. ధర ఒక షిల్లింగ్. 30,000 పౌన్లంటే ఆరు లక్షల షిల్లింగులు. మా అమ్మ పాత సామాన్లవాడికి ఇత్తడి గంగాళం వేసినప్పుడు వచ్చిన ధర గుర్తొచ్చింది నాకు. కొన్నారన్న మాటే గానీ బాగుచేయడానికి డబ్బుల్లేవు. 1967లో పక్కనే ఉన్న షేక్స్‌పియర్ బే అనే చోట ఒడ్డుకి చేర్చి వదిలేశారు, ఇరవై ఏళ్ళు అక్కడే అలలు దాన్ని నింపుతూ తోడుతూ ఉన్నాయి. 1986లో మళ్ళీ తేల్చి పిక్టన్ తెచ్చారు. 1999 మేలో డ్రై డాక్‌లో నీళ్ళు తోడేశారు. మొదట్లో మళ్ళీ కొయ్యలు నిలబెట్టి చాపలు కట్టి కొత్త పెళ్ళికూతుర్ని చేద్దామని ఆశపడ్డారు. తర్వాత, ఉన్నది ఉన్నట్టు ఉంచుదాం, ఇంక పోకుండా చూసుకుందాం అనుకున్నారు. ఇది నాకు చాలా నచ్చింది. కొత్త చెక్క వేసి అంతా కప్పేస్తే ఇక్కడ ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉన్నట్టు ఇంకో అందమైన ఓడ ఉండేది, ఈ ఓడ ఉండేది కాదు.

అలా ఉన్నది ఉన్నట్టు ఉంచబట్టే అందులో దిగి చూస్తే పనితనం కనబడుతుంది. లోపలికి మెట్లున్నాయి. కింద నిలబడితే రెండు పక్కలా పక్కటెముకల్లా వంపు తిరిగిన దూలాలు వరసగా పైకి లేస్తాయి. ఒక్కోటి మనిషి తొడ కన్నా లావు. వాటి మీద పలకలు, బయట అడుగు భాగానికి రాగీ యశదమూ కలిపిన రేకు. సముద్రపు పురుగు టేకుని కూడా తొలిచేస్తుంది కాబట్టి ఆ రేకు కవచం. ఆ రేకు ముక్కలు చాలా చోట్ల ఇంకా అంటుకునే ఉన్నాయి, పచ్చటి కిలుం పట్టి. వేలు పెట్టి దూలాన్ని తట్టాను. రాయిని తట్టినట్టుంది. 160 ఏళ్ళు దాటిన కర్ర.

బొంబాయిలో ఓడలు కట్టిన వాడియాల పేర్లు మనకి తెలుసు. జంషెడ్జీ బొమన్జీ వాడియా బొమ్మలున్నాయి, వాళ్ళ యార్డులో 1817లో పూర్తయిన ట్రింకోమలీ యుద్ధనౌక ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఇంకా తేలుతోంది. అది రాజుగారి ఓడ, పైగా కట్టినవాళ్ళు పార్సీ పెద్దలు. హుగ్లీ ఒడ్డు వడ్రంగులకి ఆ భాగ్యం లేదు. మ్యూజియంలో అన్ని పలకలూ చదివాను. యార్డు యజమాని పేరుంది. ఓడ కొన్నవాళ్ళ పేర్లు, కెప్టెన్ల పేర్లు ఉన్నాయి. ఎడ్విన్ ఫాక్స్ అన్నది సౌతాంప్టన్‌లో ఉండే ఒక క్వేకర్ పెద్దమనిషి పేరని చెప్తారు, ఆయన సంగతీ ఉంది. ఖైదీల పేర్లున్నాయి, నేరాలున్నాయి. వలస వచ్చినవాళ్ళ పేర్లు వయసులతో సహా ఉన్నాయి. బాడిస పట్టుకున్న ఒక్క మనిషి పేరూ నాకు కనబడలేదు. తలకి ఇంత అని ఎవరో డబ్బు కట్టిన ప్రతిచోటా పేర్లు మిగిలాయి. రోజుకూలీ తీసుకుని సాయంత్రం ఇంటికెళ్ళిపోయినవాడి పేరు ఎవరూ రాసుకోలేదు.

ఇది కలకత్తా సంగతే అని మనం పక్కకి నెట్టేయడానికి లేదు. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి, దాని పక్కన తాళ్ళరేవు. 19వ శతాబ్ది మొదట్లో కలకత్తాకీ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడని ఒడ్డుకి తీసి బాగుచేసే చోటు అదేనని పేరు. 1789లో ఉప్పెన, 1839 నవంబర్‌లో ఇంకా పెద్ద ఉప్పెన, ఆ తర్వాత గోదావరి మేట. ఆ 1839 గాలివానని అధ్యయనం చేసినవాళ్ళల్లో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఒకడు. సైక్లోన్ అన్న మాట పుట్టించినవాడు ఆయనే. బర్మాలో తెలుగు కూలీలందరికీ, ఏ జిల్లావాళ్ళయినా సరే, కోరంగీలు అనే పేరు ఆ రేవు మీదే పడింది. మాట మిగిలింది, సైక్లోన్ మిగిలింది. కోరంగిలో కట్టిన ఓడ ఒక్కటంటే ఒక్కటి, కుళ్ళినదైనా సరే, మనం వెళ్ళి తట్టి చూడ్డానికి లేదు. ఎవరూ ఒక షిల్లింగ్ పెట్టి కొనలేదు. నిజానికి కొనడానికి మిగల్లేదేమో. వాటి చెక్క ఏ ఇంటి దూలంగానో గుమ్మంగానో మారి ఉంటుంది, మన వాళ్ళు మంచి టేకుని వదిలిపెట్టరు.

నేను పైకి వచ్చేసరికి గోడ మీది వలసవాళ్ళ జాబితా ముందు ఒక ముసలావిడ, ఆవిడ మనవడు నిలబడి ఉన్నారు. 1875 ట్రిప్పు. ఆవిడ వేలితో ఒక్కో పేరూ దాటుకుంటూ కిందకి వచ్చి ఒక చోట ఆగింది. కుర్రాడు ఫొటో తీశాడు. ఆవిడ నా వైపు తిరిగి, మీ వాళ్ళు కూడా ఈ ఓడలోనే వచ్చారా అని మర్యాదగా అడిగింది. కాదండీ, మేము ఇండియా నుంచి చూడ్డానికి వచ్చాం అన్నాను. ఈ ఓడ కట్టింది అక్కడేగా అంది ఆవిడ. అవునన్నాను. అయితే మీరు కింద దాకా వెళ్ళి చూడండి, పైనేముంది, కింద చూడాలి అంది.

చూసి వచ్చానని చెప్పలేదు. మళ్ళీ మెట్లు దిగాను. అడుగున, వెన్నెముక లాంటి పెద్ద దూలానికి దగ్గర్లో, వెలుతురు ఏటవాలుగా పడే చోట ఒక పక్కటెముక మీద చిన్న చిన్న పల్లాలు వరసగా కనబడ్డాయి, చేప పొలుసుల్లాగా. బాడిస దెబ్బలు. ఒక్కో దెబ్బా రెండు వేళ్ళ వెడల్పు. కుడిచేతి వాటం మనిషి లాగుంది.

అప్పుడే పైనుంచి మా ఆవిడ బస్సు వచ్చిందని పిలిచింది.